పిండాన్ని కాకే ఎందుకు ముట్టాలి? యముడి వరం నుంచి తిక్కన భారతం దాకా

[దృశ్యం: నెల్లూరు, పెన్నా ఒడ్డు. ఇసుకలో పరిచిన అరిటాకు, దాని మీద నువ్వులు చల్లిన పిండాలు. కాస్త ఎడంగా నిలబడ్డ ఇంటివాళ్లు.]

అయ్యవారు చెప్పాల్సిన మంత్రాలన్నీ చెప్పేశారు. పిండాలు ఆకులో పెట్టేశారు. ఇక మనుషులు చేయగలిగింది ఏమీ లేదు. కాకి రావాలి. వచ్చి ముట్టిందంటే అందరికీ ఊపిరి తిరుగుతుంది. రాలేదంటే టెన్షన్ మొదలవుతుంది. "ఏదో కోరిక మిగిలిపోయింది" అంటారు పెద్దవాళ్లు. పోయినాయన కాల్చే చుట్ట తెచ్చి ఆకు పక్కన పెడతారు. కొందరి ఇళ్లల్లో ఆయనకి ప్రాణమైన చేపల పులుసు కూడా ఆకులోకి వస్తుంది. అప్పటికీ కాకి దిగకపోతే కొడుకు ముందుకొచ్చి చేతులు జోడిస్తాడు. "నాయనా, చిన్నదాని పెళ్లి నేను చేస్తా. నువ్వు బెంగ పెట్టుకోబాక."

మామూలు రోజుల్లో ఇదే కాకి పిట్టగోడ మీద వాలితే "హుష్" అని తోలేస్తాం. తల మీద తన్నిందంటే శని పట్టిందని తలస్నానం చేసి గుడికి పోతాం. అలాంటి పక్షికి, చనిపోయిన మన మనిషి ఆకలిని ఎందుకు అప్పజెప్పాం? నెమలి ఉంది, హంస ఉంది, కాకే ఎందుకు? దీనికి వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఒక కథ ఉంది.

[దృశ్యం: తోలుబొమ్మల పద్ధతిలో బొమ్మలు. యజ్ఞశాల, ఆకాశంలో పుష్పక విమానం, పది తలల రావణుడు.]

మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తున్నాడు. దేవతలు వచ్చి కూర్చున్నారు. అంతలో రావణుడు దిగాడు. వరాల బలం ఉన్నవాడు, దేవతలకు లొంగడు. ఎదురుపడితే పరువు పోతుందని దేవతలు గబగబా రూపాలు మార్చుకున్నారు. ఇంద్రుడు నెమలి అయ్యాడు. వరుణుడు హంస అయ్యాడు. కుబేరుడు తొండ రూపంలో దాక్కున్నాడు. యముడు కాకి అయ్యాడు. మరుత్తుడు యుద్ధానికి లేచాడు గానీ, దీక్షలో ఉన్నవాడు కోపం తెచ్చుకోకూడదని గురువు సంవర్తుడు ఆపాడు. తనే గెలిచానని చాటుకుని రావణుడు వెళ్లిపోయాడు.

దేవతలు మళ్లీ తమ రూపాల్లోకి వచ్చి, కష్టకాలంలో దాచిన జీవులకు వరాలిచ్చారు. నెమలి పింఛానికి ఇంద్రుడి వెయ్యి కళ్లు వచ్చాయి. హంసకు వెన్నెల లాంటి తెలుపు వచ్చింది. తొండకు బంగారు రంగు వచ్చింది.

కాకికి మాత్రం యముడు రంగు ఇవ్వలేదు. మిగతా ప్రాణులను పీడించే రోగాలు నిన్ను అంటవన్నాడు. నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్లు నువ్వు తింటే తృప్తి పడతారన్నాడు. ఒకే రోజు, ఒకే యజ్ఞశాలలో ముగ్గురికి అందం దక్కింది, కాకికి పని దక్కింది. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. సాక్షాత్తూ యముడు ఒకరికి ఋణపడి, ఆ ఋణం తీర్చుకున్న కథ ఇది. పెన్నా ఒడ్డున మనం ఎదురుచూసేది ఆ మాట చెల్లుబాటు కోసమే.

[దృశ్యం: ఆకు చుట్టూ గెంతుతూ, మెడ వంచి చూస్తున్న ఊరకాకి.]

మరి ఒక్కోసారి ఎందుకు ఆలస్యం చేస్తుంది? కాకి మహా జాగ్రత్త మనిషి. కొత్త వస్తువు కనిపిస్తే ముందు దూరం నుంచి చూస్తుంది. నాలుగు గెంతులు ముందుకేసి మళ్లీ వెనక్కి ఎగురుతుంది. చుట్టూ జనం మూగితే అసలు దిగదు. అందుకే కర్మ చేయించేవాళ్లు "కాస్త ఎడంగా జరగండి" అంటారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మాస్కులు వేసుకుని కాకుల్ని పట్టి వదిలితే, ఆ మాస్కు ముఖాన్ని అవి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుని అరిచాయి. ఇది తెలిసినంత మాత్రాన కొడుకు చేసిన ప్రమాణం విలువ తగ్గదు. పదిమంది ముందు, తండ్రి పేరు మీద ఆడిన మాట అది.

[దృశ్యం: చిత్రకూటం. నిద్రపోతున్న రాముడు, చేతిలో మట్టిబెడ్డతో సీత.]

రామాయణంలోనే ఇంకో కాకి ఉంది, అది చెడ్డది. సుందరకాండలో హనుమంతుడికి ఆనవాలుగా సీతమ్మ చెప్పిన కథ. ఇంద్రుడి కొడుకు కాకి రూపంలో వచ్చి ఆమెను ముక్కుతో గాయపరిచాడు. రాముడు ఒక దర్భను బ్రహ్మాస్త్రంగా మంత్రించి వదిలాడు. మూడు లోకాలు తిరిగినా ఎవరూ కాపాడలేదు, చివరికి రాముడి కాళ్ల మీదే పడి కుడికన్ను ఇచ్చి ప్రాణం దక్కించుకున్నాడు. కాకి తల పక్కకు తిప్పి ఒంటికంటితో చూడడం ఈ కథకు బాగా అతికింది. కళ్లు తలకు చెరో పక్కన ఉన్న పక్షి ఏదైనా అలాగే చూస్తుందనుకోండి.

[దృశ్యం: తాళపత్రాలు, ఘంటం. తర్వాత మైపాడు సముద్రతీరం.]

ఇప్పుడు మన నెల్లూరు కవి దగ్గరికి వద్దాం. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, ఉత్తర రామాయణాన్ని నిర్వచనంగా, అంటే వచనం లేకుండా పద్యాల్లోనే రాసి ఆ రాజుకే అంకితమిచ్చాడు. ఆ తర్వాత భారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేశాడు. భారతంలో పేరున్న రెండు కాకి కథలూ ఆ 15 పర్వాల్లోనే పడ్డాయి.

కర్ణపర్వంలో శల్యుడు కర్ణుణ్ణి ఎత్తిపొడవడానికి చెప్పింది మొదటిది. సముద్రం ఒడ్డున ఒక వైశ్యుడి పిల్లలు పెట్టే ఎంగిలి మెతుకులతో ఒక కాకి బలిసింది. అటుగా హంసలు వచ్చాయి. తనకు నూటొక్క రకాలుగా ఎగరడం వచ్చని కాకి పందెం కట్టింది. నాకు తెలిసింది ఒక్కటే అంది హంస. మొదట్లో కాకి ఆకాశంలో పల్టీలు కొట్టింది. నీళ్ల మీదికి వెళ్లాక వాలడానికి దీవి లేదు, చెట్టు లేదు. రెక్కలు నీళ్లకు తగులుతున్నాయి, ముక్కు మునుగుతోంది. "నువ్వు చెప్పిన వాటిల్లో ఈ గమనం పేరేమిటి?" అని అడిగింది హంస. ఆఖరికి తన వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చింది. శల్యుడు దీన్ని తిట్టుగా చెప్పాడు గానీ, మునిగిపోయేవాణ్ణి వీపున మోసుకొచ్చిన హంసే నాకు గుర్తుండిపోయింది.

రెండోది సౌప్తికపర్వం. కౌరవులు ఓడిపోయిన రాత్రి అశ్వత్థామ మర్రిచెట్టు కింద నిద్రపట్టక కూర్చున్నాడు. కొమ్మల మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపేసింది. నిద్రలో ఉన్న పాండవ శిబిరం మీద పడాలన్న ఆలోచన అతనికి అక్కడే పుట్టింది. పగలు గుడ్లగూబ కనిపిస్తే కాకులన్నీ కూడి తరుముతాయి, రాత్రి వాటికి చూపు చాలదు. కవులు ఈ సంగతి కళ్లారా చూసే రాశారు.

[దృశ్యం: వేగంగా మారే బొమ్మలు.]

బయటి దేశాల్లోనూ కాకిజాతికి పెద్ద పనులే అప్పజెప్పారు. ఉత్తర యూరప్ పురాణాల్లో ఓడిన్ దేవుడికి లోకం కబుర్లు మోసేవి రెండు పెద్దకాకులు. బైబిల్లో నోవహు ఓడ నుంచి ముందు వదిలింది కాకినే, పావురం తర్వాత. జపాన్‌లో దారి చూపే మూడు కాళ్ల కాకి, అక్కడి ఫుట్‌బాల్ సంఘం చిహ్నంలో ఇప్పటికీ ఉంది.

[దృశ్యం: గుడి గోడ మీద హంసల వరస, గరుడవాహనం, నవగ్రహ మండపం.]

మన గుళ్లలో చూస్తే యముడి వరం ఎలా పనిచేసిందో తెలుస్తుంది. శిల్పులు హంసల్ని వరసలుగా చెక్కారు. నెమలి కుమారస్వామి పక్కన నిలబడింది. బ్రహ్మోత్సవాల్లో గరుడవాహనం వస్తే వీధంతా కదిలొస్తుంది. కాకి మాత్రం నవగ్రహాల్లో శనీశ్వరుడి వాహనంగా కనిపిస్తుంది. ఇంకొకచోట ఉంది, చాలామంది పట్టించుకోరు. పల్లవుల, చోళుల కాలపు ఆలయాల్లో పెద్ద పొట్టతో కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్న అమ్మవారు కనిపిస్తే, అటూ ఇటూ ఎద్దుముఖం కొడుకూ, కూతురూ ఉన్నారేమో చూడండి. ఆమె లక్ష్మీదేవి అక్క జ్యేష్ఠాదేవి. పక్కనే జెండా మీద కాకి ఉంటుంది. ఇప్పుడు దరిద్రదేవత అని పేరు తీయడానికే జంకుతున్నాం గానీ, ఒకప్పుడు ఆమెకు పూజలు జరిగాయి.

[దృశ్యం: వేపచెట్టు మీద పుల్లల గూడు.]

మహాలయ పక్షాల్లో కాకికి ముద్ద పెట్టేవాళ్లు వేసవిలోనూ దాన్ని తలుచుకోండి. కాకి గూడు కట్టి పిల్లల్ని పెంచేది ఎండల్లోనే. కోయిల తన గుడ్లు ఆ గూట్లోనే పెడుతుంది, కోయిల పిల్ల నోట్లో మేత పెట్టేదీ కాకే. ఆ నెలల్లో గూడు కదపకండి. రోహిణి కార్తెలో మేడ మీద నీడపట్టున మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చండి.