పైనాపిల్ వేస్తే జెల్లీ గడ్డ కట్టలేదా? మా తోడికోడలి ఇంటి క్రాన్‌బెర్రీ జెల్లో సలాడ్

(బోర్లించిన ఎర్ర జెల్లో. పళ్ళెం కొంచెం కదిపితే మొత్తం వణుకుతుంది.)

హాయ్ అండీ. దీన్ని చూసి స్వీట్ అనుకున్నారు కదా, నేనూ అలాగే అనుకున్నాను. మా తోడికోడలు అమెరికన్, వాళ్ళది విస్కాన్సిన్. పెళ్ళైన కొత్తలో మొదటిసారి థాంక్స్‌గివింగ్ పండగకి వాళ్ళింటికి వెళ్తే టర్కీ, ఆలుగడ్డ ముద్ద, గ్రేవీ, వాటి పక్కనే ఇది వడ్డించారు. చివర్లో తిందామని కంచంలో ఓ మూల ఉంచుకున్నాను. గ్రేవీ వేడి తగిలి సగం కరిగిపోయి కంచమంతా ఎర్ర నీళ్ళు! వాళ్ళు దీన్ని సలాడ్ అంటారు, అన్నంలో పచ్చడి నంజుకున్నట్టు మధ్యమధ్యలో తింటారు. ఇందులో సెలరీ కాడ కూడా పడుతుంది, నమ్మండి.

వాళ్ళ నాయనమ్మ చేసేదట, ఆవిడ తర్వాత వాళ్ళమ్మ, ఇప్పుడు మా తోడికోడలు. ఈ ఏడాది నా వంతు వచ్చింది కాబట్టి మీకూ చూపిస్తున్నాను.

(ఒక పండు అడ్డంగా కోసి దగ్గరగా చూపించాలి.)

ఇదీ క్రాన్‌బెర్రీ. లోపల నాలుగు ఖాళీ గదులున్నాయి చూశారా, వాటి నిండా గాలే. అందుకే నేల మీద వేస్తే ఎగురుతుంది, నీళ్ళలో వేస్తే తేలుతుంది. పంట చేతికొచ్చాక మడి నిండా నీళ్ళు పెట్టి, పండ్లు రాల్చి, పైకి తేలినవాటిని ఓ పక్కకి తోసుకుంటారు. అమెరికాలో పండే క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా విస్కాన్సిన్‌లోనే పండుతాయి, అందుకే ఆ ఇంట్లో ఇది లేకుండా పండగ జరగదు. రుచి అంటారా, అచ్చం వాక్కాయే. ఇక్కడ అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు వాక్కాయ దొరకక దీంతోనే పప్పు, పచ్చడి, పులిహోర చేసుకుంటారు.

ఇక జెల్లో. పాయా వండి మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి గడ్డ కడుతుంది కదా, అదే జెలటిన్. పూర్వం ఇలాంటి వంట చెయ్యాలంటే దూడ కాళ్ళు గంటల తరబడి మరగబెట్టి, వడకట్టి, నానా తంటాలు పడాలి, ఇంట్లో పనివాళ్ళున్న డబ్బున్నవాళ్ళకే సాధ్యం. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్ళో పెర్ల్ వెయిట్ అనే వడ్రంగి జెలటిన్ పొడిలో పంచదార, పండ్ల రుచులు కలిపితే, ఆయన భార్య మే దానికి జెల్లో అని పేరు పెట్టింది. అమ్మకాలు సాగక రెండేళ్ళకే 450 డాలర్లకి వదిలేసుకున్నారు పాపం.

సరే, పనిలోకి వద్దాం. క్రాన్‌బెర్రీలు 340 గ్రాముల ప్యాకెట్ ఒకటి, గింజలు తీసేసిన నారింజ ఒకటి తొక్కతో సహా మిక్సీలో వేసి రెండు మూడు సార్లు తిప్పి ఆపండి. బరకగా ఉండాలి, పేస్ట్ అయితే పోయినట్టే. ముప్పావు కప్పు పంచదార కలిపి ఓ గంట పక్కన పెట్టండి.

రాస్‌బెర్రీ జెల్లో 170 గ్రాముల డబ్బాని రెండు కప్పుల మరిగే నీళ్ళలో వేసి రెండు నిమిషాలు ఆపకుండా కలపండి, అడుగున ఒక్క పలుకు మిగిలినా రేపు నాలుకకి ఇసుకలా తగులుతుంది. డబ్బా మీద ఇంకో రెండు కప్పుల చన్నీళ్ళు పొయ్యమని ఉంటుంది. వద్దు, పండ్ల నుంచి నీరు ఊరుతుంది, ఒక్క కప్పు చాలు. అందులోనూ డబ్బా పైనాపిల్ రసం ఎంత వస్తే అంత వాడి, తక్కువైతే నీళ్ళు కలుపుకోండి.

ఆగండి, ఇక్కడే నా కథ చెప్పాలి. నేను మొదటిసారి చేసినప్పుడు డబ్బా పైనాపిల్ ఏంటి చీప్‌గా అని మంచి పండు కొని ముక్కలు కోసి వేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంది. మర్నాడు ఇంటి నిండా చుట్టాలు, అందరి ముందూ బోర్లించాను, జ్యూస్ వరదలా టేబుల్ మీదకి పోయింది. మా తోడికోడలు ఒక్కటే అడిగింది: "పైనాపిల్ డబ్బాదేనా?"

కారణం మన వంటింట్లోనే ఉంది. మటన్ ముదురుగా ఉంటే పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తాం కదా, అందులోని ఎంజైమ్ మాంసంలోని ప్రోటీన్‌ని తెంపేస్తుంది. పైనాపిల్‌లో ఉండే బ్రోమెలిన్ కూడా అలాంటిదే. జెలటిన్ కూడా ప్రోటీనే, దాని పోగులు వలలా అల్లుకుని నీళ్ళని పట్టి ఉంచితేనే జెల్లీ, ఆ పోగులు తెగితే మిగిలేది షర్బత్. కివీ, బొప్పాయి, అంజీర తాజావి వేసినా అంతే. డబ్బాలో పెట్టేటప్పుడు పండుని వేడి చేస్తారు కాబట్టి ఎంజైమ్ చచ్చిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన ముక్కలు మాత్రం పనికిరావు, చలికి అది చావదు.

(గరిటెతో జెల్లో ఎత్తి వదలాలి.)

ఫ్రిజ్‌లో గంట, గంటన్నర తర్వాత ఇలా గుడ్డు తెల్లసొనలా జారుతుంది. పండ్లు కలపాల్సింది ఇప్పుడే. నీళ్ళలా ఉన్నప్పుడే వేస్తే క్రాన్‌బెర్రీ పైకి తేలి, పైనాపిల్ అడుగుకి చేరుతుంది. 567 గ్రాముల డబ్బా పైనాపిల్ తురుము రసం పిండేసి, సన్నగా తరిగిన సెలరీ కాడ ఒకటి, అర కప్పు వాల్‌నట్ పలుకులు, అన్నీ కలిపి, నూనె రాసిన కేక్ గిన్నెలో పోసి రాత్రంతా వదిలెయ్యండి.

బోర్లించేముందు గిన్నెని గోరువెచ్చటి నీళ్ళలో పది పదిహేను సెకన్లు ముంచాలి, అంతకు మించితే అంచులు కరిగిపోతాయి. పళ్ళెం తడి చెయ్యడం మర్చిపోకండి, పక్కకి పడినా మెల్లగా జరుపుకోవచ్చు.

ఇక మా అమ్మ సంగతి. ఇండియా నుంచి వచ్చి ఉంది, శాకాహారి. జెలటిన్ పంది తోలు, పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు, అమ్మకి పెట్టలేను. అందుకని తనకి విడిగా చైనా గ్రాస్‌తో చేస్తాను. పొడి నాలుగు చిన్న చెంచాలు, రెండు కప్పుల నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు బాగా మరగాలి, ఊరికే వేడెక్కితే కరగదు. దించాక రెండు కప్పుల క్రాన్‌బెర్రీ జ్యూస్ కలపండి, అదీ గోరువెచ్చగా చేసి. పుల్లటి రసంతో కలిపి మరగబెడితే చైనా గ్రాస్ పట్టు తగ్గిపోతుంది. పండ్లు ముందే సిద్ధంగా ఉంచుకోండి, ఇది గది వేడిలోనే టకటకా పేరుకుపోతుంది. నోట్లో జెల్లోలా కరగదు, కొరికితే పుటుక్కున తెగుతుంది. ఒక లాభం ఏంటంటే ఇది సముద్రపు నాచు నుంచి వస్తుంది, ప్రోటీన్ కాదు, కాబట్టి తాజా పైనాపిల్ నిక్షేపంగా వేసుకోవచ్చు!

రెండూ ఎర్రగానే ఉంటాయి, టేబుల్ మీద పెట్టాక నాకే తేడా తెలియదు. అందుకని అమ్మ గిన్నెకి తెల్ల చెంచా పెట్టి, పిల్లలకి గట్టిగా చెప్పేశాను, ఆ చెంచా ఈ గిన్నెలో ముంచితే ఊరుకోనని.