జుట్టు మొలిపించింది నూనేనా?

(తలనూనెల మీద స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: చర్మవైద్యురాలు, ఆయుర్వేద వైద్యుడు, కోనసీమలో తలనూనెలు కాచి అమ్మే ఒకావిడ.)

యాంకర్: సీసా తెచ్చారు కదమ్మా, దాంతోనే మొదలుపెడదాం. ఇంత నల్లగా ఉందేంటి? రంగేమైనా కలిపారా?

నూనె తయారీదారు: రంగెందుకండి, గుంటగలగరాకు పసరది. ఇవిగో, నా గోళ్ళు చూడండి, నిన్న పిండితే ఇంకా నలుపు పోలేదు. మా వైపు పొలంగట్ల మీద, బోదెల పక్కన దానంతటదే మొలుస్తదండి. దంచి, పసరు పిండి, కొబ్బరి నూనెలో పోసి సన్న సెగ మీద పెడతాం. చిటపట ఆగేదాకా పొయ్యి దగ్గర్నించి కదలకూడదు.

ఆయుర్వేద వైద్యుడు: చాలామంది తప్పేది అక్కడే. చిటపట వినిపిస్తోందంటే నీరు ఇంకా ఉందనే. మా లెక్క ఏంటంటే ఆకుముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, పసరో కషాయమో పదహారు వంతులు. అంత ద్రవమూ ఇగిరిపోవాలి. చివర్లో ఆ ముద్దని వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా సాగాలి. ఆ వత్తిని మంటలో పెట్టినా చప్పుడు రాకూడదు. ఇప్పుడు వీడియో చూసి అరగంటలో దించేస్తున్నారు. పది రోజులకి సీసాలో బూజు.

చర్మవైద్యురాలు: ఆ బూజు సీసాలు నా టేబుల్ మీదికి వస్తుంటాయి, తలలో దురదలతో సహా.

యాంకర్: సరే, ఇంత కష్టపడి కాచిన నూనె జుట్టుని పెంచుతుందా? సూటిగా చెప్పండి డాక్టరు గారూ.

చర్మవైద్యురాలు: ముందు మీ దువ్వెనలో వచ్చిన వెంట్రుక ఒకటి తీసి వెలుతురులో చూడండి. కొసన తెల్లగా, ఆవగింజలో సగం కూడా లేని గుబ్బ ఉంటే అది కుదురు నుంచి ఊడింది. గుబ్బ లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. రెండూ వేరు. తెగేదానికి నూనె బాగా పనికొస్తుంది. ఊడేదానికి నూనె చేయగలిగింది చాలా తక్కువ.

యాంకర్: తెగకుండా ఎలా ఆపుతుంది?

చర్మవైద్యురాలు: కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి దిగుతుంది. తలస్నానంలో వెంట్రుక నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అలా అలా బలహీనపడుతుంది. ముందే నూనె ఉంటే ఆ ఉబ్బు తగ్గుతుంది. 2003లో ముంబయిలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. చేసింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీ వాళ్ళే, ఆ సంగతీ చెప్పాలి. అయినా నాకు ఆ ఫలితం నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. అందుకే తలంటుకి ముందు రాయమంటాను, తర్వాత కాదు.

యాంకర్: ఖమ్మం నుంచి కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, మా పాప ఇంటర్ చదువుతుంది. దసరాకి ముందు డెంగీ వచ్చి తగ్గింది. రెండున్నర నెలల తర్వాత నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులు ఊడిపోతుంది. ఆన్‌లైన్‌లో ఏదో మూలికల నూనె తెప్పించి రాస్తున్నా. ఇంకా ఎక్కువైంది.

చర్మవైద్యురాలు: కొసన తెల్ల గుబ్బ ఉందా అమ్మా?

కాలర్: ఉంది మేడమ్, ఇప్పుడు మీరు చెప్తుంటే తీసి చూశా.

చర్మవైద్యురాలు: అయితే భయం లేదు. ఒక్కో వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది, తర్వాత ఓ మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది. మామూలుగా రోజుకి యాభై నుంచి వంద రాలతాయి. పెద్ద జ్వరం వస్తే చాలా వెంట్రుకలు ఒకేసారి ఆ విశ్రాంతిలోకి పోతాయి, మూడో నెలలో ఒకేసారి రాలతాయి. టైఫాయిడ్‌కీ అంతే, కాన్పు తర్వాతా అంతే. నుదురు దగ్గర పొట్టి వెంట్రుకలు నిక్కపొడుచుకుని కనిపిస్తే కొత్తవి వస్తున్నట్టు. నెలకి సుమారు ఒక సెంటీమీటరు, అంతకన్నా తొందరపెట్టలేం. రక్తంలో ఇనుము, థైరాయిడ్ ఒకసారి చూపించండి. ఆ నూనె మానేసినా ఏం కాదు.

నూనె తయారీదారు: నేనొకటి చెప్పనా అండి? బాలింతలు నా దగ్గర నూనె పట్టికెళ్తారు. ఆర్నెల్లకి వచ్చి, నీ నూనెతో జుట్టంతా వచ్చేసిందమ్మా అంటారు. అదెలాగూ వచ్చేదే అన్నమాట!

ఆయుర్వేద వైద్యుడు: (నవ్వుతూ) ఆ పేరు మా మందులకీ కొంచెం దక్కుతుందిలెండి. గ్రంథాల్లో గుంటగలగరని కేశ్యం, అంటే జుట్టుకి మేలు చేసేది అన్నారు, నేనూ రాసిస్తాను. బట్టతల మీద మొలిపిస్తానని మాత్రం ఎన్నడూ అనలేదు.

యాంకర్: మరి రోజ్‌మేరీ నూనె? ఇన్‌స్టాలో అంతా అదేగా.

చర్మవైద్యురాలు: 2015లో ఇరాన్‌లో వంద మంది మీద, జుట్టు పెరగడానికి రాసే మందు మినాక్సిడిల్‌తో (రెండు శాతం) పోల్చి చూశారు. ఆరు నెలలకి రెండు గుంపుల్లోనూ కొంచెం పెరుగుదల కనిపించింది. కానీ ఏమీ రాయని గుంపు ఒకటి పెట్టలేదు, అది పెద్ద లోటు. ఆశ ఉంది, అంతే. వాడదలిస్తే వేరే నూనెలో కొన్ని చుక్కలే కలపాలి, నేరుగా రాస్తే మంట.

యాంకర్: ఆముదం?

ఆయుర్వేద వైద్యుడు: చిక్కన, జిడ్డు. కొబ్బరి నూనెలో కొంచెం కలపండి. ఒంటిగా పట్టిస్తే జడ చిక్కుపడి విడదీయలేరు.

చర్మవైద్యురాలు: చుండ్రు ఉన్నవాళ్ళకి మాత్రం రాత్రంతా నూనె వద్దు. చుండ్రుకి కారణమైన ఈస్ట్ నూనెలోని కొవ్వుల్నే తిని బతుకుతుంది. చుండ్రు పోవాలని నూనె పట్టించడమంటే దానికి విస్తరి వెయ్యడమే. నుదుటి మీద మొటిమలు వచ్చే పిల్లలకీ ఇదే మాట.

యాంకర్: చివరిగా, అమ్మా, మీ సీసా లేబుల్ మీద "జుట్టు ఒత్తుగా పెరుగును" అని ఉంది. ఇప్పుడేమంటారు?

నూనె తయారీదారు: మా అబ్బాయి వేయించాడండి. "జుట్టు తెగకుండా కాపాడును" అని మార్చమని చెప్తాను.

యాంకర్: ఎప్పటి నుంచి?

నూనె తయారీదారు: రెండు వేలు అచ్చేయించాడండి, ఇంకా సగమైనా అవలేదు.