పెరటాసి వచ్చేలోపు మీ ఆస్కార్‌కి గింజలు అలవాటు చేయండి

నమస్తే అండీ, తిరుపతి నుంచి. ఇదిగో, ఈ ట్యాంకులో చేప, వీడే మన ఆస్కార్. 8 అంగుళాలున్నాడు. మొన్నటిదాకా బతికున్న గప్పీ, అదే చిన్న చేప, కనిపిస్తే తప్ప నోరు తెరిచేవాడు కాదు. ఇప్పుడు చూడండి... చూశారా? చేపల మేత గింజ. వట్టి గింజే.

బతికున్న చేపలు ఎందుకు మాన్పించాలి అంటే, ఫీడర్ చేపలతో, అంటే మేతగా వేసే చిన్న చేపలతో పాటు తెల్లమచ్చల రోగం, పురుగులు కూడా ట్యాంకులోకి వచ్చేస్తాయి. గోల్డ్‌ఫిష్‌లో అయితే థయామినేజ్ అని ఒకటుంటుంది, అది బీ1 విటమిన్‌ని పాడు చేస్తుంది. రోజూ అవే పెడితే చేప లోలోపల నీరసించిపోతుంది. నాకు ఇంకో కారణం కూడా ఉంది, పెరటాసి, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల. ఆ నెల మా ఇంట్లో నీచు లేదు. ఫ్రిజ్‌లో రొయ్యలు కనిపిస్తే మా అమ్మ నన్నూ చేపనూ కలిపి బయట పెడుతుంది.

సరే, మొదలుపెడదాం. ముందు పస్తు. ఇంత పెద్ద చేప, ఆరోగ్యంగా ఉంటే, 4, 5 రోజులు ఏమీ కాదు. 3 అంగుళాల్లోపు పిల్ల అయితే 2 రోజులు చాలు. నీళ్లు మార్చడం, క్లోరిన్ పోయే మందు వేయడం, అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

తరువాత రొయ్య. తల, పెంకు, నల్ల నరం తీసేయండి. ఉప్పు, పసుపు తగలకూడదు. ఇంత ముక్క, వాడి కంటి సైజు. ఇలా కొబ్బరి చీపురుపుల్లకి వదులుగా తగిలించి నీళ్లలో ఆడించండి. షాపులో పొడుగు స్టీల్ పట్టకారు అమ్ముతారు, నా దగ్గరా ఉంది, కానీ నాకు పుల్లే ఇష్టం. పుల్ల వణుకుతుంది కదా, ముక్క బతికున్నట్టు కదులుతుంది. మొన మాత్రం బయటికి రాకూడదు, నోట్లో గుచ్చుకుంటుంది. అదిగో, లాగేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. నేను 2 వారాలు ఇక్కడే ఇరుక్కుపోయాను. రొయ్య ముక్కకి గాటు పెట్టి లోపల గింజ దూర్చాను. తిన్నాడు, ఉమ్మేశాడు. నేను వెంటనే పైపు పెట్టి లాగేశాను. మళ్లీ పెట్టాను, మళ్లీ ఉమ్మాడు, మళ్లీ లాగేశాను. నాలుగో రోజు టెన్షన్ తట్టుకోలేక ఒక గప్పీ వేసేశాను. అంతే, మళ్లీ మొదటికొచ్చింది.

తరువాత ఒకరోజు ఫోన్ వచ్చి ముక్క తీయడం మరిచిపోయాను. చూస్తే, ఉమ్మిన ముక్కనే వాడు మళ్లీ నోట్లోకి తీసుకున్నాడు. ఆస్కార్‌కి నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. నములుతుంది, ఉమ్ముతుంది, మళ్లీ అందుకుంటుంది. మొప్పల్లోంచి పొడి రాలుతుంది చూడండి, ఇదిగో, ఇక్కడ. వద్దనడం కాదు అది, తినే పద్ధతే అంత! కాబట్టి ఉమ్మగానే చెయ్యి పెట్టకండి. పది నిమిషాలు ఆగండి. అప్పటికీ మిగిలితే అప్పుడు తీసేయండి, వదిలేస్తే మాత్రం కుళ్లి నీళ్లలో అమ్మోనియా, చేపకి విషం.

ఇంకో తప్పు, నేను గింజ ఎండుదే దూర్చాను. గట్టిగా తగిలేసరికి రొయ్య మింగి గింజ వదిలేసేవాడు. ఇలా రొయ్యల ఐసు కరిగిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. వేలితో నొక్కితే... అదిగో, మెత్తగా దిగిపోయింది. ఇప్పుడు వాసన కూడా రొయ్యదే.

ఇక రోజురోజుకీ రొయ్య తగ్గించడం, గింజ పెంచడం. చివరికి పైన పల్చటి పొర. ఆ తరువాత నానబెట్టిన గింజ ఒక్కటే. మావాడికి ఇంకో 3 వారాలు పట్టింది. మీ చేపకి ఎక్కువ పట్టొచ్చు, తక్కువ పట్టొచ్చు. మధ్యలో గప్పీ మాత్రం వేయకండి బాబూ.

మిగిలిన గప్పీలా? మిద్దె మీద తొట్టిలో ఉన్నాయి. అవి పిల్లల్ని కూడా పెట్టేశాయి. ఇప్పుడు వాటికి మేత మా అమ్మే వేస్తోంది.