మంచాన పడ్డ మనిషి చావును కోరితే క్రైస్తవ సంఘం ఏమి చెప్పాలి?

అందరికీ వందనాలు. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు విషయం బరువైనది, అందుకే నేరుగా అందులోకే వెళ్తాను. నయం కాని జబ్బుతో బాధపడే మనిషి "నేను చనిపోవడానికి సాయం చేయండి" అని డాక్టరును అడగవచ్చా? డాక్టరు చేయవచ్చా? 2025 జూన్ 20న బ్రిటన్ దిగువ సభలో ఇలాంటి బిల్లుకు అనుకూలంగా 314 ఓట్లు, వ్యతిరేకంగా 291 ఓట్లు పడ్డాయి. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి చట్టమే ఉంది. మన దేశంలో ఇది నేరం. ఆత్మహత్యకు తోడ్పడినవారికి భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు పడుతుంది.

నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పెరిగాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: క్రైస్తవులు దీనికి ఒప్పుకోకూడదు. అయితే మన బోధకులు చెప్పే కారణం మాత్రం నాకు సరిపోవడం లేదు. "నరహత్య చేయకూడదు" అనే ఆజ్ఞ చదువుతారు, ప్రాణం ఇచ్చినవాడే తీసుకోవాలంటారు, ఆమేన్ అనిపించి తరువాతి పాట ఎత్తుకుంటారు. క్యాన్సర్ నొప్పితో తెల్లవార్లూ మూలిగే మనిషికి ఆ ప్రసంగంలో ఏమి దొరికింది?

కొందరు సౌలు కథ చెబుతారు. గిల్బోవ కొండ మీద గాయపడిన రాజు తనను చంపమని బతిమాలితే చంపానని ఒక అమాలేకీయుడు వచ్చి చెప్పాడు, దావీదు అతనికి మరణశిక్ష వేశాడు. నిజమే, సమూయేలు రెండవ గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది. కానీ దావీదు అక్కడ చెప్పిన కారణం చూడండి. యెహోవా అభిషేకించినవాని మీద చెయ్యి ఎత్తావు అన్నాడు. అది రాజు ప్రాణం గురించిన తీర్పు. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో ఐసీయూలో పడుకున్న వృద్ధురాలి గురించి అందులో నుంచి సమాధానం లాగడం కష్టం.

నాకు దారి చూపింది ఏలీయా కథ. ఆయన ఎడారిలో బదరీ వృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అని దేవుణ్ణి అడిగాడు. అంత గొప్ప ప్రవక్త చావును కోరాడు. దేవుడు ఆయనను కసరలేదు, విశ్వాసం లేదని నిందించలేదు. అడిగిన చావూ ఇవ్వలేదు. ఆయన నిద్రపోయాడు. దూత వచ్చి తట్టి లేపి, లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే దూత రెండోసారి కూడా వచ్చాడు. ఆజ్ఞలూ పనులూ ఆ తరువాతే. చావు అడిగిన మనిషికి దేవుడు ఇచ్చిన జవాబు తిండి, నిద్ర, తోడు.

ఇది వింటున్నవారిలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తుంటే, ఈ చర్చను పక్కన పెట్టి ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడతారు. మీరు పాపులని చెప్పడానికి నేను ఈ వీడియో చేయడం లేదు.

ఇక నొప్పి సంగతి. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో, ప్రాణం పోతున్నవానికి మద్యం ఇవ్వమని ఒక మాట ఉంది. మన సంఘాల్లో ఆ వచనం మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు, ఎందుకో మీరే ఊహించుకోండి. చనిపోయేవాడి బాధ తగ్గించడం బైబిలుకు కొత్త కాదు. లండన్‌లో 1967లో సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ డాక్టరు సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచింది, అంటే చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే చోటు. నొప్పి వచ్చి అరిచేదాకా ఆగకుండా, గంట చూసి మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు) ఇవ్వాలని పట్టుబట్టింది. ఒంటి నొప్పితో పాటు భయం, ఇంటి అప్పు, దేవుడు వదిలేశాడన్న దిగులు, అన్నీ కలిసే మనిషిని నలుపుతాయని చెప్పింది. కారుణ్య మరణాన్ని ఆమె గట్టిగా వ్యతిరేకించింది. కాదనే హక్కు ఆమెకు ఉంది. ఎందుకంటే ఆమె మంచం పక్కన నిలబడి కాదంది.

మన దగ్గర సంగతి వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల తలనొప్పితో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సుల పని తేలిక చేశారు, అయినా ఆ భయం పోలేదు. మన జిల్లాల నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లి, "ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనిపించుకుని వచ్చేవారి సంగతి మీకు తెలుసు. ఆ తరువాత ఇంట్లో ఏమి జరుగుతుంది? ఉపవాస ప్రార్థన పెడతారు, స్వస్థత కూటానికి మోసుకెళ్తారు. నయం కాకపోతే విశ్వాసం చాలలేదంటారు. జబ్బు మనిషికి జబ్బు చాలదన్నట్టు ఈ నింద కూడా. ప్రార్థన వద్దని నేను అనను. మందు బిళ్ల ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కోమంటున్నాను. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి నడిపిన మిషనరీలు, అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ సంస్థ బత్తలపల్లిలో కట్టిన ఆసుపత్రి, ఇవి మన కళ్ల ముందే ఉన్నాయి. ఈ నేల మీద క్రీస్తు పేరు ఎక్కువమందికి తెలిసింది వైద్యం వల్లేనని నా లెక్క.

ఇంకో గందరగోళం ఉంది. వెంటిలేటర్ తీయించడం కూడా హత్యేనని చాలామంది విశ్వాసులు నమ్ముతున్నారు. కాదు. వెంటిలేటర్లు ఇంకా కొత్తగా ఉన్న 1957లోనే పన్నెండవ పయస్ పోప్, రోగికి, కుటుంబానికి మోయలేని భారమయ్యే అసాధారణ వైద్యం తప్పనిసరి కాదని మత్తు డాక్టర్లకు చెప్పాడు. నొప్పి తగ్గించడానికే ఇచ్చే మందు వల్ల ఆయుష్షు కాస్త తగ్గినా తప్పు కాదన్నాడు. కారుణ్య మరణానికి వ్యతిరేకంగా 1995లో పెద్ద లేఖ రాసిన రెండవ జాన్ పాల్ పోప్ కూడా, 2005లో చివరి రోజుల్లో మళ్లీ ఆసుపత్రికి వెళ్లకుండా తన గదిలోనే కన్నుమూశాడు. ప్రొటెస్టెంట్లలోనూ చాలామంది ఈ తేడాను ఒప్పుకుంటారు. చంపడం వేరు, చావును ఆపలేమని ఒప్పుకోవడం వేరు. రెండు ఎకరాలు అమ్మి, తిరిగిరాని మనిషికి ఇంకో పది రోజులు యంత్రం నడిపించి, అదే విశ్వాసమని అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇలా వైద్యం ఆపడాన్ని, అలాంటి స్థితిలో తనకు ఏ వైద్యం వద్దో ముందుగానే వీలునామా (లివింగ్ విల్) రాసుకోవడాన్ని ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. ఇంట్లో పొలం పంపకాల గురించి మాట్లాడుకుంటాం కదా, దీని గురించీ ఒక సాయంత్రం మాట్లాడుకోండి.

ఇప్పుడు అవతలి వైపు. దీనికి అనుకూలమైన క్రైస్తవులు లేరనడం అబద్ధం. ఇంగ్లండ్ సంఘానికి పెద్దగా ఉన్న కాంటర్‌బరీ మాజీ ఆర్చ్‌బిషప్ జార్జ్ కేరీ 2014లో అభిప్రాయం మార్చుకున్నాడు. అదే ఏడాది దక్షిణాఫ్రికా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు మద్దతు పలికాడు, 2016లో తనకూ ఆ అవకాశం ఉండాలన్నాడు. జాతి వివక్షకు ఎదురు నిలిచిన ఆయనను భక్తి లేనివాడని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. దేవుడు కరుణామయుడు కదా, బలవంతంగా బాధ పెట్టడం ఎందుకన్నది వారి వాదన.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది హైదరాబాద్ యువకుడు వెంకటేశ్ విషయం. కండరాలు క్షీణించే జబ్బు, చదరంగం ఆడేవాడు, వయసు 25. 2004లో వెంటిలేటర్ తీసేయించి, అవయవాలు పాడవకముందే ఇతరులకు ఇవ్వాలని కోరాడు. మన ఉమ్మడి హైకోర్టు ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులోనే చనిపోయాడు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకు మించినది లేదని యేసే అన్నాడు. ఆ అబ్బాయి కోరికలో స్వార్థం ఎక్కడుంది? కోర్టు చెప్పింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే ప్రాణం ఉన్న మనిషి అవయవాల కోసం చావును ముందుకు జరిపే పని ఒకసారి డాక్టరు చేతికి ఇస్తే, తరువాతి రోగి ఆ డాక్టరును నమ్మలేడు. కానీ ఆ అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ మాట చెప్పమంటే నా గొంతు తడబడుతుంది.

అయినా నేను వద్దనడానికి అసలు కారణం మన ఇళ్లే. "మంచాన పడకుండా పోతే చాలు, ఎవరికీ భారం కాకూడదు" అని మన పెద్దవాళ్లు రోజూ అంటారు. అది సొంత ఇష్టంలా వినిపిస్తుంది. ఆ అవ్వ మనసులో నడిచే లెక్క వేరు: మందుల ఖర్చు, కోడలి ముఖం, బెంగళూరులో కూలికి పోయిన కొడుకు. ఇలాంటి ఇంట్లో చావడానికి హక్కు ఇస్తే, నాలుగు రోజుల్లో అది బాధ్యత అవుతుంది. తమిళనాడులో తలైకూత్తల్ పేరుతో వృద్ధులను ఇంటివాళ్లే చంపి సాగనంపిన ఆచారం ఉంది, దానికీ కరుణ అనే పేరే పెట్టుకున్నారు. కెనడాలో మొదట చావు దగ్గరపడినవారికే అన్నారు, 2021లో ఆ షరతు తీసేశారు.

కాబట్టి కర్నూలు, అనంతపురం, కడప సంఘకాపరులకు నాదొక మనవి. మీ సంఘంలో మంచాన పడ్డవారి పేర్లు రాయండి. వారానికి ఒక పూట వారి దగ్గర ఎవరు కూర్చుంటారో, రాత్రి కాపలాకు వంతులు ఎలా వేసుకుంటారో స్త్రీల మైత్రి (సంఘంలోని మహిళల బృందం)తో, యువజనులతో మాట్లాడి తేల్చండి. పగలంతా చూసుకునే ఆ కోడలికి కూడా ఒక రాత్రి నిద్ర దొరకాలి. డాక్టర్లు, నర్సులు ఎవరైనా చూస్తుంటే, ఈ జిల్లాల్లో మార్ఫిన్ ఎక్కడ ఇస్తున్నారో, ఇంటికి వచ్చి చూసే ఉపశమన వైద్యం ఎక్కడ ఉందో కింద రాయండి. సరిచూసుకుని వచ్చే వీడియోలో ఊళ్ల వారీగా చదువుతాను.