ఎపిసోడ్ 47: పిల్లి పసిగట్టింది

శ్రావణి: నమస్తే అండీ. అనుకున్నట్టే ఇవాళ ‘ఇన్‌హెరెంట్ వైస్’. థామస్ పించన్ నవల 2009లో వచ్చింది, పాల్ థామస్ ఆండర్సన్ 2014లో సినిమా తీశాడు. కథ 1970లో, లాస్ ఏంజెలెస్ పక్క బీచ్‌లో. డాక్ స్పోర్టెల్లో అని ఎప్పుడూ గంజాయి పొగలో ఉండే డిటెక్టివ్. ఒక రాత్రి పాత ప్రేయసి షాస్టా వస్తుంది...

మూర్తి: 35 ఎంఎంలో తీశారు. అది ముందు చెప్పాలి. అసలు సిసలు రీలు.

శ్రావణి: రీలు మాట ఒకటి! నిమిషం కూడా కాలేదు బావా.

మూర్తి: లెక్కపెట్టుకో. ఆ సాయంత్రం ఎండ చూశావా? రాబర్ట్ ఎల్స్‌విట్ కెమెరా.

శ్రావణి: చూశాను, చాలా బాగుంది. కానీ కథే అందలేదు. బిల్డర్ మాయమవుతాడు. గోల్డెన్ ఫాంగ్ అంటే ఒకసారి ఓడ, ఒకసారి డెంటిస్టుల ముఠా. చచ్చిపోయాడన్న శాక్సఫోన్ ఆయన బతికే ఉంటాడు. కాగితం మీద రాసుకుంటూ చూశాను. డిటెక్టివ్ సినిమా అన్నాక ముడి విప్పాలి కదా?

మూర్తి: అక్కర్లేదు. పిల్లిని గుర్తు తెచ్చుకో.

శ్రావణి: అయిపోయింది. పిల్లి వచ్చేసింది.

మూర్తి: రావాలి మరి. ‘ది లాంగ్ గుడ్‌బై’, 1973, రాబర్ట్ ఆల్ట్‌మన్. రాత్రి మూడింటికి పిల్లి ఆకలేసి డిటెక్టివ్ మార్లోని లేపుతుంది. సూపర్‌మార్కెట్‌కి వెళ్తే దానికి కావలసిన బ్రాండు లేదు. వేరేది కొని, పిల్లిని బయట పెట్టి వంటింటి తలుపేసుకుని, పాత డబ్బాలోకి కూరుతాడు. తర్వాత దాని ముందే ఆ డబ్బాలోంచి తీసి వడ్డిస్తాడు. వాసన చూసి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు.

శ్రావణి: అంతసేపు ఒక్క క్లూ లేదు, శవం లేదు. ఇలాంటివాటికి ‘స్టైల్’ అని పేరు పెట్టి సరిపెట్టుకోమంటే నాకు కోపం వస్తుంది. చూసేవాళ్ల ఓపికకి విలువ ఉంది బావా.

మూర్తి: ఉంది. అందుకే చెప్తున్నాను. పిల్లి వెళ్లాక గుమ్మంలోకి ఎవరొచ్చారు?

శ్రావణి: టెర్రీ లెనాక్స్. మార్లో స్నేహితుడు.

మూర్తి: డబ్బా పాతదే, లోపల సరుకు వేరు. పిల్లి ఒక్క క్షణంలో పసిగట్టింది. మార్లోకి సినిమా మొత్తం పట్టింది.

శ్రావణి: ...ఇన్నాళ్లూ ఇది చెప్పలేదేం?

మూర్తి: నువ్వు చెప్పనిస్తేగా.

శ్రావణి: ఆగండాగండి. అలాగైతే గెలిచింది నేనే. పిల్లి సీను ముడిలో భాగమేనన్నమాట! స్క్రీన్‌ప్లే రాసిన లీ బ్రాకెట్ 1946 ‘ది బిగ్ స్లీప్’కీ రాసింది, ముడి వేయడం ఆవిడకి తెలీదా?

మూర్తి: ముడి ఉంది, కాదనను. కానీ మొదటిసారి చూసేటప్పుడు నీకది ఆకలేసిన పిల్లి, అంతే. అలా చూడగలగాలి. పైగా ఆ పాలిపోయిన రంగులు! కెమెరామన్ విల్మోస్ జిగ్మండ్ కావాలనే నెగెటివ్‌కి కాస్త వెలుతురు తగిలించాడు. అది రీలు మీద మాత్రమే...

శ్రావణి: రెండు. మన సినిమాకి వద్దామా? టైం అయిపోతోంది. జోష్ బ్రోలిన్ పోలీసు బాగున్నాడు, జానీ గ్రీన్‌వుడ్ సంగీతం బాగుంది. నన్ను పట్టుకున్నది మాత్రం వాన.

మూర్తి: ఆ పోస్టుకార్డు.

శ్రావణి: అవును. షాస్టా రాసిన కార్డు చూడగానే డాక్‌కి ఆ రోజు గుర్తొస్తుంది. గంజాయి ఎక్కడ దొరుకుతుందో ఆత్మలని అడిగే ఒయిజా బోర్డు చెప్పిందని ఇద్దరూ వానలో పరుగెత్తుతారు. నీల్ యంగ్ పాట. తీరా చూస్తే ఖాళీ స్థలం. తడిసిపోయి, ఒకరినొకరు పట్టుకుని నవ్వుకుంటారు. ఇప్పుడు డాక్ మళ్లీ వెళ్తే అక్కడ గోల్డెన్ ఫాంగ్ భవనం లేచి ఉంది. జైలు నుంచొచ్చిన తారిక్‌కీ అంతే, తన పేట ఉన్నచోట హౌసింగ్ ఎస్టేట్. నాకు కథ అందలేదన్నాను గానీ, ఆ చోటు చూసినప్పుడు గొంతు పట్టేసింది.

మూర్తి: మా నాన్న ఆపరేటర్‌గా చేసిన హాలు డిజిటల్‌కి మారినప్పుడు ప్రొజెక్టర్‌ని తూకానికి అమ్మేశారు. ఆ కేబిన్ గోడకి చదరంగా ఒక కంత ఉండేది, అందులోంచే నేను...

శ్రావణి: చెప్పండి బావా. ఈసారి లెక్కపెట్టను.

మూర్తి: నా ఎత్తు చాలక రెండు ఖాళీ రీలు డబ్బాలు వేసుకుని నిలబడేవాణ్ణి. ఒకసారి ఇంటర్వెల్ ముందు... ఉండు, మీ అక్క పిలుస్తోంది.