చక్రం నట్టు ఎంత బిగించాలి? – శ్రోతల ప్రశ్నలు, జవాబులు

యాంకర్: నమస్కారం. టైరు మార్చడం, చక్రం నట్లు బిగించడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఆటోమొబైల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ నల్గొండ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మొన్న దారిలో కారు పంక్చర్ అయితే ఒక షాపులో వేయించాను. తిరిగి వస్తుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు. మెల్లగా పోతేనే వినిపిస్తోంది.

ఇంజనీరు: బండి ఇప్పుడు ఎక్కడుంది?

కాలర్: ఇంటి ముందే సార్. రేపు పొద్దున హైదరాబాద్ వెళ్లాలి.

ఇంజనీరు: చూసుకోకుండా మాత్రం తీయకండి. ఫోన్ పెట్టేశాక వీల్ స్పానర్ తీసుకుని ఆ నట్లు కదులుతున్నాయేమో చూడండి. ఏ ఒక్కటి సులువుగా తిరిగినా అక్కడికక్కడ బిగించేసి బయల్దేరొద్దు. జాకీ వేసి చక్రం విప్పండి. రిమ్ములో నట్టు కూర్చునే రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయా, కోలగా సాగాయా? అంచుల్లో ఇనుము కొత్తగా అరిగి మెరుస్తోందా? నట్ల చుట్టూ తుప్పు చారలు కారాయా? వీటిలో ఏది కనిపించినా చక్రం వదులుగా ఆడిందనే అర్థం. రంధ్రం సాగితే రిమ్ము మార్చాల్సిందే. నట్లు ఎక్కే మర కడ్డీలు, అంటే స్టడ్లు కూడా మెకానిక్‌కి చూపించండి.

కాలర్: కానీ సార్, వాళ్లు నట్లు బిగించే మెషిన్ గన్‌తో గట్టిగానే కొట్టారు.

ఇంజనీరు: గన్‌తో కొడితే మొదటి నట్టే పూర్తిగా బిగుసుకుపోతుంది. అప్పటికి చక్రం హబ్బు మీద, అంటే బండికి చక్రం తగిలించే భాగం మీద, వాలుగా ఉంటుంది. మిగతావి ఆ వాలు మీదే బిగుస్తాయి. కాస్త దూరం పోయాక చక్రం సర్దుకుంటుంది, దాంతో అన్నీ వదులవుతాయి. అందుకే ఎదురెదురుగా బిగించమనేది. నాలుగు నట్లుంటే ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్నది, ఐదుంటే ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు. అదీ ఒకేసారి కాదు, రెండు మూడు విడతల్లో.

యాంకర్: వైజాగ్ నుంచి ఒక అమ్మాయి లైన్‌లో ఉన్నారు. చెప్పమ్మా.

కాలర్: నమస్తే అండీ. స్టెప్నీ మార్చడం నేర్చుకుంటున్నాను. నా బలం చాలదని, బిగించేటప్పుడు స్పానర్ మీద ఎక్కి నిలబడమని మా అన్నయ్య అంటున్నాడు. అలా చేయొచ్చా?

ఇంజనీరు: విప్పేటప్పుడు మొండికేస్తే కాలితో నొక్కమ్మా, తప్పులేదు. చక్రం నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేక్ వేసే చేయాలి. బిగించేటప్పుడు మాత్రం ఎక్కొద్దు. లెక్క చెప్తాను చూడు. కార్లకు కంపెనీలు చెప్పే బిగువు చాలావరకు 85 నుంచి 125 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, న్యూటన్ మీటరంటే తిప్పే బలానికి కొలత. నీ కారుకు ఎంతో ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. స్పానర్ పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చివర 30 కిలోల బరువుతో నొక్కితే దాదాపు 88 వస్తుంది. 60 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 176! కింద పడిపోకుండా ఎగిరి నొక్కితే ఇంకా ఎక్కువ.

కాలర్: ఎక్కువ బిగిస్తే మంచిదే కదండీ?

ఇంజనీరు: కాదమ్మా. చాలామంది అనుకునేది అదే. నట్టు బిగించినప్పుడు స్టడ్డు కొంచెం సాగుతుంది. సాగిన స్టడ్డు వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్బుకు అదిమిపెడుతుంది. నులక మంచంలో నులక బిగువు లాంటిదే ఇది. వదులైతే మంచం కుంగుతుంది, హద్దు మీరి లాగితే నులక తెగుతుంది. స్టడ్డు కూడా హద్దు దాటి సాగితే మళ్లీ యథాస్థితికి రాదు. మరలు పాడవుతాయి, ఏదో రోజు విరుగుతుంది. డిస్క్ బ్రేకులుంటే డిస్కు వంకరై, బ్రేక్ నొక్కినప్పుడు స్టీరింగ్ వణికే అవకాశమూ ఉంది.

యాంకర్: మరి వరస ఎలా సార్?

ఇంజనీరు: నట్టు మొదట చేత్తోనే ఎక్కించాలి. నాలుగైదు చుట్లు వేళ్లతో సాఫీగా తిరగకపోతే మర అడ్డంగా పడిందన్నమాట, విప్పి మళ్లీ పెట్టాలి. చాలా కార్లలో నట్టుకు ఒకవైపు శంకువులా వాలు ఉంటుంది, అది రిమ్ము వైపే రావాలి. కంపెనీ చక్రం తీసి వేరే అల్లాయ్ వేయించుకున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. కొన్నింటికి శంకువు కాదు, గుండ్రటి సీటు ఉంటుంది. ఈ నట్టు ఆ రిమ్ములో కూర్చోదు. చక్రం గాల్లో ఉండగా మామూలుగా బిగించి, జాకీ దించాక అసలు బిగువు ఇవ్వాలి. ఊళ్లో ఉంటే టార్క్ రెంచ్‌తో, అంటే బిగువు కొలిచే స్పానర్‌తో చూపించుకోండి, టక్కుమనగానే ఆపాలి. తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి. అల్లాయ్ చక్రాలకు అది తప్పనిసరి.

యాంకర్: చివరి కాల్ విజయవాడ ఆటోనగర్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. లారీ డ్రైవర్ని. దసరా పూజకి చక్రాలన్నీ విప్పి రిమ్ములకు, డ్రమ్ములకు రంగు వేయించాం. వెనకాల జంట చక్రాల నట్లు వారంలోపే వదులయ్యాయి. నట్లు సాఫీగా తిరగాలని నూనె కూడా పూశాం.

ఇంజనీరు: రంగు ఎక్కడెక్కడ పడిందన్నా? రిమ్మూ రిమ్మూ ఆనే చోట కూడా వేశారా?

కాలర్: అంతా వేశారు సార్. కొత్త బండిలా మెరిసింది.

ఇంజనీరు: అక్కడే వచ్చింది తంటా. రెండు రిమ్ములు ఆనే ముఖం, హబ్బు ముఖం, నట్టు కూర్చునే చోటు, ఈ మూడూ ఒట్టి ఇనుమే ఉండాలి. మందంగా రంగు ఉంటే బరువు కింద అది నలిగిపోతుంది. ఆ మేరకు స్టడ్డులో బిగువు పోతుంది. ఆ ముఖాలను వైర్ బ్రష్‌తో గీకించి మళ్లీ బిగించండి. పూజకి బయటి వైపు రంగు చాలు.

కాలర్: నూనె సంగతి సార్?

ఇంజనీరు: మనం పెట్టే బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది, దాదాపు పదోవంతే స్టడ్డును లాగుతుంది. నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే బలానికి స్టడ్డు ఎక్కువ సాగుతుంది. అందుకే పొడిగా, శుభ్రంగా ఉండాలి. వాషరు అతుక్కుని వచ్చే కొన్ని నట్లకు కంపెనీయే రెండు చుక్కలు వేయమంటుంది, అది వేరే విషయం. మీ బండి పాతదా?

కాలర్: పాతదే సార్.

ఇంజనీరు: అయితే ఎడమవైపు స్టడ్ల కొనల మీద 'ఎల్' అని ఉందేమో చూడండి. ఉంటే అవి ఎడమ మరలు, గడియారం ముల్లుకు ఎదురు తిప్పితేనే బిగుస్తాయి. కొత్త కుర్రాడి చేతికి స్పానర్ ఇస్తే బిగిస్తున్నా అనుకుంటూ విప్పేస్తాడు. లోడు ఎత్తకముందే అన్నీ చూసుకోండన్నా. సాగిన రంధ్రం ఉన్న రిమ్ము కనిపిస్తే పక్కన పెట్టేయండి, దాన్ని స్టెప్నీగా కూడా ఉంచుకోవద్దు.