పాత అమెరికన్ స్టేషన్ వ్యాగన్లకి ఇప్పుడెందుకింత గిరాకీ?

[తెర మీద: 1972 ఓల్డ్స్‌మొబైల్ కస్టమ్ క్రూయిజర్, వెనక నుంచి]

ఈ కారు వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్పండి చూద్దాం. పైకా? కిందికా? పక్కకా?

[క్లోజప్: తాళంచెవి తిరగడం, అద్దం కదలడం]

అదిగో, అద్దం పైకెళ్ళి కప్పులో దూరింది. కింది సగం నేల కిందికి జారిపోయింది. తలుపే మాయం! దీన్ని క్లామ్‌షెల్ అంటారు. 1971 నుంచి 1976 దాకా జనరల్ మోటార్స్ తన పెద్ద వ్యాగన్లకి, అంటే కప్పు వెనకదాకా సాగి సామానుకి బోలెడు చోటుండే ఫ్యామిలీ కార్లకి, ఇదే పెట్టింది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ప్లైవుడ్ షీటు లోపల చదునుగా పడుకుంటుంది. ఇంత తతంగం ఒక డిక్కీ కోసమా అంటే, అవునండీ, దానికోసమే! పాత కార్ల పిచ్చున్నవాళ్ళు పడిపోయేది ఇలాంటి వాటికే.

అమెరికాలో కలెక్టర్లు చాలాకాలం మస్టాంగ్, కమారోల వెంటే పడ్డారు. వ్యాగన్‌ని పట్టించుకున్న నాథుడు లేడు. స్పోర్ట్స్ కారుని ఆదివారం కోసం దాచుకున్నారు, వ్యాగన్‌ని మాత్రం అరగదీశారు. పిల్లలు, కుక్క, కిరాణా సరుకులు, వేసవిలో క్యాంపింగ్ సామాను, అన్నీ దాని నెత్తినే. తుప్పు పట్టాక నేరుగా తుక్కుకే. కొన్నింటినైతే డెమోలిషన్ డెర్బీలకి, అంటే కార్లని కావాలని గుద్దించే పోటీలకి తోలారు. లక్షల్లో అమ్ముడైన బండి ఇవాళ అరుదైపోయి, గిరాకీ పెరిగిందంటే కారణం అదే.

[తెర మీద: ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ పక్క భాగం]

ఈ చెక్క చూసి మోసపోకండి. ఇది వినైల్ స్టిక్కర్! నిజమైన చెక్క బాడీతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చివరి అమెరికన్ వ్యాగన్ 1953 నాటి బ్యూక్.

మరి ఇవి ఎందుకు పోయాయి? 1975లో అమెరికా మైలేజీ చట్టం తెచ్చింది. కార్లకి కఠినమైన లెక్క, లైట్ ట్రక్కులకి కాస్త సడలింపు. వ్యాగన్ కారు లెక్కలోకి వచ్చింది. 1983 చివర్లో క్రైస్లర్ దింపిన మినీవ్యాను, ఆ తర్వాత ఎస్‌యూవీలు ట్రక్కు లెక్కలోకి వెళ్ళాయి. జనం కూడా వాటివైపే మళ్ళారు.

[తెర మీద: 1995 బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్]

నాకు మనసు పడ్డ బండి మాత్రం ఇదిగో, ఇది. వెనక్కి తిరిగి కూర్చునే మూడో వరస, రెండో వరస మీద అద్దాల కప్పు, పక్కన అదే దొంగ చెక్క. బానెట్ ఎత్తితే 5.7 లీటర్ల ఎల్‌టీ1 వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్! 1994 నుంచి 260 హార్స్‌పవర్. అప్పటి కార్వెట్ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజనే. చూడ్డానికి చర్చికి బయల్దేరిన పెద్దాయనలా ఉంటుంది, సిగ్నల్ పడితే పక్క బండివాడు నోరు తెరవాల్సిందే.

దీన్ని తయారుచేసింది టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో. డాలస్‌లో ఉండే మనవాళ్ళు రోజూ ఆ చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటారు. 1996లో అక్కడ వ్యాగన్లు ఆపేసి ఫ్యాక్టరీని పెద్ద ఎస్‌యూవీలకి మార్చారు. ఇప్పటికీ టాహో, సబర్బన్ వచ్చేది అక్కణ్ణుంచే.

[తెర మీద: వెనక తలుపు, రూఫ్ ర్యాక్, చెక్క పట్టీలు]

అమెరికాలో ఉండి ఇలాంటి పాత వ్యాగన్ కొనాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఇంజన్ గురించి బెంగ వద్దు, అవే భాగాలు సెడాన్లలోనూ ఉన్నాయి, దొరుకుతాయి. వ్యాగన్‌కి మాత్రమే ఉన్న వెనక అద్దం, డిక్కీ తలుపు, పక్క పట్టీలు దొరకడమే గగనం. కాబట్టి బానెట్ తర్వాత ఎత్తొచ్చు, ముందు వెనక్కెళ్ళి ఆ అద్దం పూర్తిగా పైకెళ్ళి కిందికి దిగుతోందో లేదో చూడండి. క్లామ్‌షెల్ మొరాయిస్తే బేరం అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.